కనబడకూడని రెండు లైన్లు

“ఆ పేరు ఈ ఆఫీసులోంచే బయటికి పోయింది, అన్నా. పంపిన మనిషి నీ ఎదురుగానే కూర్చుంది,” అన్నాడు సీఐ రాంబాబు.

లాల్‌సింగ్ కుర్చీలో తల వంచుకుని కూర్చున్న హేమలత వైపు చూశాడు. పాతికేళ్ళ పిల్ల. భద్రాచలంలోని ‘వెలుగుదారి’ న్యాయ సహాయ సంస్థలో కంప్యూటర్లన్నీ ఆమె చేతి మీదే నడుస్తాయి. ఆమె పక్కన మహిళా కానిస్టేబుల్ నిలబడి ఉంది. సోమవారం పొద్దున పదీ ఇరవై అయింది.

శుక్రవారం తెల్లవారుతుండగా భీమయ్యను చంపారు. ఆ గొడ్డలి దెబ్బ నిజానికి అతని భార్య ఆదెమ్మకు పడాల్సింది. నెల కిందట అడవిలో ఇద్దరు మనుషులు టేకు దుంగలు లారీకెక్కిస్తూ, అడ్డమొచ్చిన ఫారెస్టు వాచర్‌ను కొట్టి చంపారు. అది చూసిన ఒకే ఒక్క మనిషి ఆదెమ్మ. పోలీసు స్టేషన్ గడప తొక్కనని మొండికేసిన ఆమె కోసం మూడుసార్లు గూడేనికి తిరిగి, ఒప్పించి, వాంగ్మూలం చెప్పించింది లాల్‌సింగే.

“నా పేరు తెలిస్తే మమ్ముల బతకనియ్యరు సారూ,” అందామె ఆ రోజు.

“నీ పేరు నా నోట్లకెళ్ళి రాదు, ఆఫీసులకెళ్ళి రాదు. నాదీ జిమ్మేదారి,” అన్నాడు తను.

ముప్పై ఏళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, ఎస్సైగా రిటైరై, ఇప్పుడు ఈ సంస్థకు ఎంక్వైరీలు చేసి పెడుతున్న మనిషి మాట అది. ఆ మాట మీద ఆమె నోరు విప్పింది. పది రోజులు తిరక్కుండానే ముసుగులు కట్టుకున్న ఇద్దరు, ఆమె రోజూ ఇప్పపువ్వు ఏరుకునే చోటికే, ఏరుకునే వేళకే వచ్చారు. భీమయ్య అడ్డం పడ్డాడు కాబట్టి ఆదెమ్మ బతికింది. శవం పక్కన కూర్చున్న ఆమె లాల్‌సింగ్‌ను ఒక్క మాట అనలేదు. అననందుకే మూడు రోజులుగా అతనికి ముద్ద దిగడం లేదు.

రాంబాబు చేతిలోని కాగితం బల్ల మీద పరిచాడు. ఒకప్పుడు లాల్‌సింగ్ కింద పని నేర్చుకున్నవాడే. ఇప్పుడు సీఐ. సత్తుపల్లి మనిషి, మాట మెత్తగా ఉంటుంది గాని పట్టు మెత్తన కాదు.

“పోయిన మంగళవారం, పొద్దున పదీ పద్నాలుగు. ఈ ఆఫీసు సెర్చిలో ఎవరో ‘మారేడు వాగు’ అని కొట్టారు. వాచర్‌ను చంపింది ఆ వాగు దగ్గరే. జవాబుల్లో మొదట వచ్చింది ఆదెమ్మ వాంగ్మూలం. వెతికింది ముందు టేబుల్ లాగిన్‌తో. ఆ లాగిన్‌కు వాంగ్మూలాలు చూసే పర్మిషనే లేదు. మరెలా కనిపించింది? పర్మిషన్లు తెరవడం, మూయడం ఈ ఆఫీసులో ఒక్కరికే చేతనవును.”

“నువ్వు తెరిచినవా బిడ్డా?” అని అడిగాడు లాల్‌సింగ్.

హేమలత తలెత్తి అతన్ని చూసింది. ఏదో చెప్పబోయి ఆగింది. “నాకేం తెల్వదు సార్,” అంది.

ముప్పై ఏళ్ళలో అబద్ధాలు చాలా విన్నాడు లాల్‌సింగ్. ఇది తనను తాను కాపాడుకునే అబద్ధంలా అనిపించలేదు.

“పన్నెండు దాకా నాకియ్యి రాంబాబూ.”

“పన్నెండు దాటితే జీపెక్కిస్తాను,” అన్నాడు రాంబాబు వాచీ చూసుకుంటూ.

ముందు గదిలో వచ్చేపోయేవాళ్ళ పేర్లు రాసుకునే దుర్గను మొదట పిలిచాడు లాల్‌సింగ్.

“మంగళవారం పదీ పద్నాలుగుకు ఎక్కడున్నవ్?”

“జిరాక్స్ షాపుల సార్. ఆ దినం పదింటికి కరెంట్ పోయింది. లైన్ పని ఉందని ముందుగాల్నే మెసేజ్ పెట్టిండ్రు. అర్జీలకు కాపీలు కావాలె గదా, జనరేటర్ ఉన్న షాపుకు పోయిన.”

“ఎన్నింటికి పోయినవ్?”

“పదీ అయిదు.”

“మళ్ళ వచ్చింది?”

“పదీ నలభై. నేను మెట్లెక్కుతుంటెనే ఫ్యాన్ తిరిగింది.” దుర్గ ఫోన్ తీసి కరెంటు మెసేజ్ చూపించింది. పాత బటన్ల ఫోను. పది నుంచి పదీ నలభై ఐదు దాకా సరఫరా ఉండదని అందులో ఉంది.

“అంతసేపు ముందు టేబుల్ కాడ ఎవరున్నరు?”

“టీచరమ్మ ఒక్కతే సార్.”

టీచరమ్మ అంటే సుబ్బరత్నం. మధిర వైపు మనిషి, బడి ఉద్యోగం నుంచి రిటైరై ఆరేళ్ళయింది. చదువురాని వాళ్ళకు ఉత్త పుణ్యానికి అర్జీలు రాసిపెడుతుంది. ఇవాళ పోలీసులు వచ్చారని తెలిసి, హేమలత ఏమీ తినలేదేమోనని ఇడ్లీ డబ్బా పట్టుకొచ్చింది. లాల్‌సింగ్ ఆమెను కూర్చోబెట్టి, తను నిలబడే అడిగాడు.

“మంగళవారమేగా? బాగా గుర్తుంది,” అంది సుబ్బరత్నం. “ముందు రోజు దాకా వేంసూరులో మా అమ్మాయి దగ్గరున్నాను. మంగళవారం తొమ్మిదిన్నరకల్లా ఇక్కడికొచ్చి ఒక ముసలాయనకు పెన్షన్ అర్జీ టైపు చేస్తున్నాను. పదిన్నర దాటేదాకా ఈ కంప్యూటర్ ముందు నుంచి లేవలేదు. ఇందులో ఎవరూ ఏమీ వెతకలేదు, దానికి నాదీ పూచీ. లోపల గదిలో హేమలత తలుపేసుకుని ఏం చేస్తోందో మాత్రం నేను చూడలేదు లాల్‌సింగ్ గారూ.” గొంతు తగ్గించింది. “పాపం చిన్నపిల్ల. ఎవరైనా ఆశ పెట్టారేమో.”

“హేమలత అసుంటిది కాదు టీచరమ్మా.”

“కాకపోతే అంతకన్నా కావలసిందేముంది? అన్నట్టు, ఆదెమ్మ ఎలా ఉంది? ఎక్కడుంచారు? ఒకసారి వెళ్ళి పలకరించొద్దామని ఉంది.”

“మంచిగనే ఉన్నది. ఎక్కడున్నదనేది నా కడుపుల్నే ఉండనియ్యుండ్రి.”

“అదీ నిజమేలెండి,” అని నవ్వి లేచింది సుబ్బరత్నం. బూర్గంపాడులో పనుందట. పదీ యాభైకి ఆమె కారు వెళ్ళిపోయింది. ఈసారైనా నోరు జారలేదని లాల్‌సింగ్ కొంచెం నిమ్మళపడ్డాడు.

తర్వాత ముందు టేబుల్ కిందికి వంగి, కంప్యూటర్ వైరు ఎటు పోతోందో వేలితో తడుముతూ వెళ్ళాడు. గోడకున్న మామూలు బోర్డులో ఆగింది. ఇన్వర్టర్ మూలనున్న బీరువా పక్కన ఉంది. దాని నుంచి రెండే వైర్లు బయలుదేరాయి. ఒకటి ఇంటర్నెట్ డబ్బాకు, రెండోది హేమలత గదికి. అనుమానం తీరక మెయిన్ స్విచ్ ఆపించాడు. ముందు టేబుల్ కంప్యూటర్ టక్కున ఆరిపోయింది. లోపలి గదిలోది వెలుగుతూనే ఉంది.

లాల్‌సింగ్ మోకాళ్ళు దులుపుకుని లేచాడు. “పదీ పద్నాలుగుకు కరెంట్ లేదు. అంటే ఈ కంప్యూటర్ నడవనే లేదు. దీంట్ల ఎవ్వరూ వెతకలే.”

“భలే పట్టావన్నా,” అన్నాడు రాంబాబు. “కరెంటు లేనప్పుడు ఈ ఆఫీసులో నడిచే కంప్యూటర్ ఒక్కటే. హేమలతది. ముందు టేబుల్ లాగిన్ ఆమే తయారు చేసింది, పాస్‌వర్డ్ ఆమెకు తెలుసు. అనుమానం దుర్గ మీదికి పోవాలని ఆ లాగిన్‌తో వెతికింది. నా కేసును నువ్వే గట్టి చేశావు.”

“తన దగ్గరనే ఉన్న కాగితాన్ని తను వెతుకుడేంది? ఆ పిల్లకు వాంగ్మూలం ఏడుందో తెల్వదా?”

“అది స్టేషన్‌లో అడుగుతాం.”

“అందరూ దొంగలే నీకు. ముందుగాల పట్టుకుంటవ్, తర్వాత ఆలోచిస్తవ్.”

“నువ్వు ముందు ఆలోచించావుగా అన్నా?” రాంబాబు గొంతు పెరగలేదు. “నీ సాక్షిని నా దగ్గరికి పంపమని నీకు రెండుసార్లు ఫోన్ చేశాను. పోలీసుల దగ్గర రహస్యం ఆగదన్నావు. మీ ఆఫీసులోనే భద్రమన్నావు. ఎంత భద్రంగా ఉందో భీమయ్యనడుగు.”

లాల్‌సింగ్ లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరకు వేశాడు.

హేమలత ఇడ్లీ డబ్బా మూత కూడా తియ్యలేదు.

“చూడు బిడ్డా,” అని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. “నువ్వు ఎవరికో అడ్డం నిలబడుతున్నవ్. ఎవరికి?”

ఆమె ఏడుపు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. “మీకే సార్.”

“నాకా?”

“వాంగ్మూలం ఎక్కించిన బుధవారం యాద్ చేసుకోండ్రి. సాయంత్రం నాలుగూ పదికి మీరు అడివిలకెళ్ళి ఫోన్ చేసిండ్రు.”

గుర్తొచ్చింది. ఆదెమ్మ చెప్పిన చోటును వాగు ఒడ్డున వెతుకుతున్నాడు. వాంగ్మూలంలో ఆమె ఏ గుర్తులు చెప్పిందో మళ్ళీ చూసుకోవలసి వచ్చింది. తన ఫోన్‌లో లాగిన్ తెరుచుకోలేదు. పొద్దు వాలుతోంది. వెంట వచ్చిన ఆఫీసు డ్రైవర్ ఫోన్ చేతిలో ఉంది, అందులో అతని లాగిన్ తెరుచుకుంది. విసుగుతో హేమలతకు ఫోన్ చేశాడు.

“డ్రైవర్ ఫోన్ల కనబడేటట్టు తెరువుమంటిరి. ఒక్కని పేరు ఎక్కించాల్నంటే టైం పడతది సార్ అన్న. ‘అందరికీ తెరిచెయ్యి, అరగంటల మూసెయ్యి, జల్దీ’ అన్నరు. ఆదెమ్మ ఫోల్డర్ మొత్తం ఆఫీసోళ్ళందరికీ తెరిచిన. నాలుగూ యాభైకి మూసిన.”

“మూసినవ్ గదా మరి?”

“ఫోల్డర్‌కు మూసిన సార్. ఇండెక్స్‌కు మూయలే.” ఆమె కళ్ళు తుడుచుకుంది. “మనం ఒక మాట కొడితే సెర్చి పోయి కాగితాలన్నీ చదువది. ముందుగాల్నే అన్నీ చదివి, ఏ మాట ఏ కాగితంల ఉందో పెద్ద పట్టీ రాసిపెట్టుకుంటది. అదే ఇండెక్స్. ఆ కాగితం ఎవరు చూడొచ్చో గూడ పక్కనే రాసుకుంటది. ఆ నలభై నిమిషాలల్ల అది మన ఫోల్డర్‌ను చదివింది. ‘అందరూ చూడొచ్చు’ అని రాసుకున్నది. నేను తర్వాత మూసిన సంగతి దానికి తెల్వదు. మళ్ళ రాసుకొమ్మని నేను చెప్పాలె. చెప్పలే.”

“అయితే కాగితం తెరుచుకుంటదా?”

“తెరుచుకోదు. నొక్కితే పర్మిషన్ లేదంటది. కానీ వెతికినప్పుడు పేరు, దాని కింద రెండు లైన్లు కనబడుతయ్.”

ఆమె కంప్యూటర్ అతని వైపు తిప్పింది. లాల్‌సింగ్ జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకున్నాడు. ఆదెమ్మ వాంగ్మూలం అన్న పేరు కింద చిన్న అక్షరాల్లో రెండే లైన్లు ఉన్నాయి.

‘రోజూ తెల్లారక ముందే మారేడు వాగు ఒడ్డున పెద్ద ఇప్పచెట్టు కింద పువ్వు ఏరుకుంటుంటాను. ఆ రోజు అక్కడి నుంచే ఆ ఇద్దరినీ చూశాను...’

చోటుంది, వేళ ఉంది, పైన పేరుంది. చంపడానికి ఇంకేమీ అక్కర్లేదు. ఆ లైన్లను ఆదెమ్మ నోటి వెంట విని, తప్పులు లేకుండా రాసుకున్నది తనే. ‘జల్దీ’ అన్నదీ తనే. ఫోన్ పెట్టేశాక ఆ మాట మళ్ళీ ఒక్కసారైనా గుర్తు రాలేదు. మూసినవా అని కూడా అడగలేదు.

“ఈ మాట పొద్దున్నే ఎందుకు చెప్పలే?”

“మీరు మూడు దినాల సంది అన్నం తింటలేరని దుర్గ చెప్పింది. ఇది గూడ తెలిస్తే ఏమైపోతరో అనుకున్న. సగం మూసి ఊకున్నది నేనే గదా. తప్పు నాదే అనుకుంటే సరిపోతది.”

లాల్‌సింగ్ లేచి, తలుపు బార్లా తీశాడు. బయట రాంబాబు, దుర్గ, కానిస్టేబుల్ ఉన్నారు.

“రాంబాబూ, రాసుకో,” అన్నాడు. “ఫోల్డర్ తెరిపించింది నేను. బుధవారం నాలుగూ పదికి. ఒక్కని పేరు ఎక్కించనీకి టైం పడతదని ఈ పిల్ల చెప్పింది. నేనే తొందరపెట్టిన. ఆదెమ్మకు జిమ్మేదారి నాది అని చెప్పి, నా చేతుల్తోనే తలుపు తెరిచిన. ఎవరినన్న ఎక్కించుకోవాల్నంటే నన్ను ఎక్కించుకో.”

రాంబాబు పెన్ను తీయలేదు. పాత గురువు ముఖం వైపు చూడలేక కిటికీ వైపు చూశాడు. “సాక్షి పేరు సొంత పెళ్ళానికైనా చెప్పొద్దని నాకు నేర్పింది నువ్వే,” అన్నాడు చివరికి.

“నేర్పిన. నేనే తప్పిన.”

రాంబాబు ఇటు తిరిగాడు. “తెరిచినవాళ్ళు వేరు, చూసినవాళ్ళు వేరు. మంగళవారం వెతికిందెవరు?”

“ఇండెక్స్‌కు లాగిన్ పేరే కాదు సార్, ఏ మిషన్‌లకెళ్ళి వెతికిండ్రో గూడ తెలుస్తది,” అంది హేమలత. “మీరు మొదటి పేజీ మాత్రమే ప్రింట్ తీయించిండ్రు.”

రాంబాబు ముఖం ఎర్రబడింది. “తియ్యి.”

“ముందు ఆ ఇండెక్స్‌ను మూయనియ్యి,” అన్నాడు లాల్‌సింగ్.

“కుదరదు. అది సాక్ష్యం. మూస్తే ఏం కనిపించిందో రేపు కోర్టులో ఎలా చూపిస్తాం?”

“అది తెరిచి ఉన్నంతసేపు ఎవడన్న చూస్తనే ఉంటడు!”

“కాపీ తీసి మూయనీ. కాపీ నా కళ్ళ ముందు తియ్యాలి.”

హేమలత కాపీ మొదలుపెట్టింది. అది నడుస్తుండగానే రెండో పేజీ తెరిచింది. మంగళవారం, పదీ పద్నాలుగు, ముందు టేబుల్ లాగిన్. దాని పక్కన ‘మొబైల్’ అని ఉంది.

“ఫోన్‌లకెళ్ళి,” అంది హేమలత నెమ్మదిగా. “ముందు టేబుల్ లాగిన్ ఒక్క ఫోన్‌లనే ఉన్నది సార్. ఇంటి కాడ అర్జీలు రాస్తనంటే నేనే పెట్టిచ్చిన. టీచరమ్మ ఫోన్‌ల.”

లాల్‌సింగ్‌కు ఆ మాట ముందు ఎక్కలేదు. పదిన్నర దాటేదాకా ఈ కంప్యూటర్ ముందు నుంచి లేవలేదన్న మనిషి, కరెంటు లేదన్న మాట ఒక్కసారీ ఎత్తలేదు. వైరు పట్టుకుని ఆరిపోయిన కంప్యూటర్ చూసినప్పుడే అతనికి అది తట్టింది. పెద్దావిడ, మర్చిపోయి ఉంటుందిలే అనుకున్నాడు. అదే మాట దుర్గ చెప్పి ఉంటే వదిలేవాడా?

“టీచరమ్మ కూతురుండేది వేంసూరు,” అన్నాడు.

రాంబాబు గిరుక్కున తిరిగాడు. “వేంసూరా? టేకు దుంగలు దిగిన సామిల్లు వేంసూరు పక్కనే. ఓనరు పరారీలో ఉన్నాడు. అత్తగారిది భద్రాచలం, పంతులమ్మగా చేసిందని నిన్నే తెలిసింది. పేరు ఇంకా కనుక్కోలేదు.”

“సార్!” హేమలత గొంతు కీచుగా వచ్చింది. “ఇంకోటి ఉన్నది. ఇయ్యాల్టిది.”

సోమవారం, పదీ యాభై ఎనిమిది. ముందు టేబుల్ లాగిన్, మొబైల్. వెతికిన మాట: ఆదెమ్మ.

“ఏం కనబడ్డది?” అని అడిగాడు లాల్‌సింగ్.

ఏ రోజు పని ఆ రోజు రాసిపెట్టుకోవడం అతని ముప్పై ఏళ్ళ అలవాటు. నిన్నటిది మాత్రం ఇవాళ పొద్దున ఎనిమిదీ నలభైకి ఇంటి దగ్గరే ఫోన్‌లో నోటితో చెప్పి దాని చేతే టైపు చేయించి, ఆదెమ్మ ఫోల్డర్‌లోనే పెట్టాడు. ఫోల్డర్ మూసే ఉందన్న ధైర్యంతో పెట్టాడు.

“ఆ ఫోల్డర్ల కొత్తగ ఏది పెట్టినా ఇండెక్స్ అందరికీ అనే రాసుకుంటది సార్,” అంటూ హేమలత అది తెరిచింది.

‘నిన్న సాయంత్రం ఆదెమ్మను పర్ణశాల చేర్చడమైనది. రేవు దారిలో పున్నమ్మ ఇంట్లో ఉంచడమైనది...’

సుబ్బరత్నం అడిగినప్పుడు తన కడుపులోనే దాచుకున్న మాట. ఆమె కారు వెళ్ళిన ఎనిమిది నిమిషాలకు, తన రాత నుంచే ఆమెకు దొరికింది.

గోడ గడియారం పన్నెండూ అయిదు చూపిస్తోంది. పర్ణశాలకు కారులో గంట చాలు. రాంబాబు అప్పటికే అక్కడి స్టేషన్‌కు ఫోన్ కలుపుతూ మెట్ల వైపు పరుగెత్తాడు. లాల్‌సింగ్ తను ఆదెమ్మ చేతికిచ్చి వచ్చిన చిన్న ఫోనుకు చేశాడు. నాలుగుసార్లు మోగాక ఎత్తారు. ఇంజను చప్పుడు వినిపించింది.

“చెప్పండి లాల్‌సింగ్ గారూ,” అంది సుబ్బరత్నం.

తమకు తెలిసిందని ఆమెకు ఇంకా తెలియదు. తెలియనివ్వకూడదు.

“టీచరమ్మా, మీరా? ఆదెమ్మ కాడికి పోయిండ్రా?”

“మీరు చెప్పకపోయినా మనసొప్పక వచ్చానండీ. మీరే పంపారన్నాను, ఏమీ అనుకోకండి. పాపం ఎంత భయపడిపోయిందో. వాంగ్మూలం మీద ఇంకో సంతకం కావాలటగా, ఆఫీసుకే తీసుకొస్తున్నాను. మా అల్లుడు కూడా తోడున్నాడు.”

“మంచి పని చేసిండ్రు. ఒక్కసారి ఆమెకు ఇయ్యుండ్రి, ధైర్యం చెప్త.”

“వెనక సీట్లో పడుకుందండీ. వచ్చాక మాట్లాడుదురుగాని.”

ఆ మాట పూర్తి కాకముందే వెనక నుంచి ఆదెమ్మ కేక వినబడింది.

“సారూ! ఇది భద్రాచలం దారి గాదు సారూ! అడివిలకు తిప్పి—”

ఫోన్ ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. కలవలేదు. కింద రాంబాబు జీపు స్టార్టయింది. లాల్‌సింగ్ చెప్పులు కూడా వేసుకోకుండా మెట్ల మీద పరుగెత్తాడు.